చక్రాల కుర్చీలోని వైద్యురాలు: డాక్టర్ మేరీ వర్గీస్



గడచిన వేసవిలో మా సంఘస్థుడైన ఒక సహోదరుని నిమిత్తము చక్రాల కుర్చీ కొనుటకు హైదరాబాదు వెళ్లితిని. ఆయన తాటిచెట్టు మీదనుండి పడగా వెన్నుపాము దెబ్బతిని, నడుము క్రింద స్పర్శ పోయినది. సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణములు దాటి, ఆసుపత్రి సామాను అమ్ము అంగడి చేరితిమి. ఇంటి వాకిలి వెడల్పు ఎంత అని అంగడివాడు అడుగగా నేను సిగ్గుపడితిని. అది కొలువవలెనని నాకు తోచనేలేదు. ఊరికి ఫోను చేసి కొలిపించునంత సేపు అక్కడ కూర్చుండగా, సెమినరీ దినములలో నేను చదివిన డాక్టర్ మేరీ వర్గీస్ గారి జీవితము జ్ఞాపకమునకు వచ్చెను.

ఆమె 1925లో కొచ్చిలో ఒక క్రైస్తవ కుటుంబమున జన్మించిరి. మన చిత్తూరు సరిహద్దునకు సమీపముననున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివి వైద్యురాలైరి. 1954 జనవరి మాసాంతమున తోటి వైద్యులతో విహారమునకు వెళ్లుచుండగా వాహనము బోల్తాపడెను. ముఖము తీవ్రముగా గాయపడెను. వెన్నుపాము చెడి రెండు కాళ్లును చచ్చుబడెను. అప్పటికి ఆమెకు ముప్పది యేండ్లు నిండలేదు.

ఆమె కాళ్లు మరల నడువలేదు. ఈ మాట దాటిపోవుటకు నాకు మనసొప్పదు. మార్కు సువార్త రెండవ అధ్యాయములోని పక్షవాయువు గలవాడు పరుపెత్తుకొని నడిచి వెళ్లెను. మన మధ్య మంచముననే యున్నవారిని చూచి, విశ్వాసము చాలలేదని కొందరు గుసగుసలాడుదురు. అది క్రూరమైన మాట. మేరీ వర్గీస్ గారి విశ్వాసమును కొలుచుటకు మనమెవరము?

కాళ్లు పోయినను చేతులు మిగిలెను. కుష్ఠరోగుల వంకరపోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సతో సరిచేయుచుండిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు ఆమెను ఆ పనికి ప్రోత్సహించిరి. ఆ చికిత్స కూర్చుండియే చేయవచ్చును. ఆ విధముగా ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండి ఎందరి చేతులనో బాగుచేసిరి. పిమ్మట ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు వెళ్లి, తనవంటి వారు తమ పనులు తామే చేసికొను విధమును నేర్చిరి. న్యూయార్క్‌లో డాక్టర్ హోవర్డ్ రస్క్ గారి సంస్థలో పునరావాస వైద్యమును అభ్యసించిరి. తిరిగివచ్చి 1963లో వేలూరులో ఆ శాఖకు అధిపతియైరి. 1966లో బాగాయమున పునరావాస సంస్థ తెరువబడెను. 1972లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చెను. 1986 డిసెంబరులో ప్రభువునందు నిద్రించిరి.

ఆమె కాలములో రోగి ఇల్లు చేరిన పిమ్మట వైద్యునికి ఉత్తరమే దారి. వెన్నుపాము చెడినవారికి ప్రాణాపాయము తరచుగా ఇంటిలోనే పొంచియుండును: నొప్పి తెలియని చర్మము ఒరసికొని పుండగును, మూత్రము నిలిచి జ్వరము వచ్చును. జీపులో పరుండబెట్టి దూరపు ఆసుపత్రికి తీసికొనిపోగా ఆ కుదుపులకే పుండు పెరుగవచ్చును. 2000లో చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున దూరవైద్య కేంద్రము ప్రారంభమాయెను; 2020 నుండి ప్రభుత్వపు ఈ-సంజీవని ద్వారా ఇంటినుండియే వైద్యునితో ముఖాముఖిగా మాటలాడవచ్చును. అయితే చలిజ్వరము వచ్చినను, తల పగులునట్లు నొప్పి, ముఖమున చెమట కలిగినను, ఫోను నమ్ముకొని కూర్చుండక వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.

మా సహోదరుడు ఇప్పుడు తన వైద్యునితో ఫోనులో వీడియో ద్వారా మాటలాడుచున్నాడు. మొదటిసారి వైద్యుడు పుండు మీద వెలుగు పడునట్లు ఫోను పట్టుకొనుమని ఆయన భార్యకు చెప్పి, ఎంత లోతున్నదో చూచెను. మంచములో రెండు గంటలకొకసారి ప్రక్క మార్చుమనియు, కుర్చీలో మాటిమాటికి చేతులూని పైకి లేవుమనియు చెప్పెను. పుండు ఇప్పుడు మానుచున్నది. వారి ఇంట సిగ్నలు సరిగా అందదు. గుడి అరుగు మీదనైతే చక్కగా అందును. అరుగునకు మెట్లున్నవి గనుక, వైద్యుడు పిలుచు దినమున నలుగురు యువకులు ఆ కుర్చీని ఎత్తి పైకి తెచ్చుచున్నారు. ఏటవాలు దారి కట్టుటకు వచ్చే నెల సిమెంటు తెప్పించుచున్నాము.