భేదం వేరు, దుర్బోధ వేరు: లియోన్ బిషప్ ఇరేనియస్ జీవితం

క్రైస్తవ సంఘంలో దుర్బోధను గుర్తించడం ఎలా అన్న ప్రశ్నకు తొలి శతాబ్దాలలోనే విపులమైన సమాధానం అందించిన వేదాంతి ఇరేనియస్. ఆయన రెండో శతాబ్దంలో స్ముర్న ప్రాంతంలో పెరిగారు. ఇది నేటి టర్కీలోని ఇజ్మీర్ నగరం. అక్కడి బిషప్ పోలికార్పు బోధను బాల్యంలో స్వయంగా విన్నారు. పోలికార్పు అపొస్తలుడైన యోహాను శిష్యుడని సంప్రదాయం చెబుతుంది. ఎవరు ఎవరి వద్ద నేర్చుకున్నారనే ఈ పరంపరే తర్వాతి కాలంలో ఇరేనియస్ వాదానికి పునాది అయింది.

అనంతరం ఆయన నేటి ఫ్రాన్స్‌లోని లియోన్ చేరి, అక్కడి సంఘంలో పెద్దగా సేవలందించారు. 177లో రోమన్ పాలనలో ఆ నగర క్రైస్తవులు తీవ్ర హింసకు గురయ్యారు. 90 ఏళ్లు పైబడిన బిషప్ పోథినస్ చెరసాలలో మరణించారు. సంఘం లేఖను రోమ్‌కు చేర్చి తిరిగివచ్చిన ఇరేనియస్ ఆ పదవిని స్వీకరించారు.

అప్పటికే సంఘం లోపల మరో చిక్కు ముదిరింది. వాలెంటినస్ అనుచరులు, ఇతర జ్ఞానవాదులు క్రైస్తవుల పదజాలాన్నే వాడేవారు, అవే లేఖనాలను ఉదహరించేవారు. అయితే ఈ లోకాన్ని సృష్టించినది పరమదేవుడు కాదని, అంతకంటే తక్కువ స్థాయి శక్తి అని చెప్పేవారు. రక్షణనిచ్చే రహస్య జ్ఞానం కొందరికే దక్కుతుందని బోధించేవారు. మార్కియోన్ పాత నిబంధనను త్రోసిపుచ్చి, లూకా సువార్తలో కొన్ని భాగాలు తొలగించి వాడుకున్నాడు. మాటలు పరిచితమైనవే కావడంతో సామాన్య విశ్వాసికి తేడా తెలిసేది కాదు.

దీనికి జవాబుగా ఇరేనియస్ 180 ప్రాంతంలో గ్రీకు భాషలో 5 భాగాల ఖండన గ్రంథం రచించారు. ప్రత్యర్థుల సిద్ధాంతాలను ముందుగా వివరించి, ఆ తర్వాతే ఖండించారు. రంగురాళ్లతో కూర్చిన రాజు చిత్రాన్ని చెరిపి, అవే రాళ్లతో నక్క బొమ్మ చేసి, ఇదే రాజు రూపమని నమ్మించడంతో దుర్బోధను పోల్చారు. రాళ్లు అసలైనవే, మారినది కూర్పు. కనుక ఒక్కొక్క వాక్యాన్ని కాక లేఖనాల సమగ్ర స్వరూపాన్ని చూడాలన్నది ఆయన మొదటి గీటురాయి. ఆ బోధ అపొస్తలుల నుంచి బహిరంగంగా సంక్రమించిందా, దూరదేశాల సంఘాలన్నింటిలో ఒకటిగా ఉందా అన్నవి మిగతా రెండు.

అయితే ప్రతి భేదాన్నీ ఆయన దుర్బోధగా ఎంచలేదు. ఆసియా సంఘాలు పస్కా పండుగను వేరే రోజున జరుపుకుంటున్నాయని రోమ్ బిషప్ విక్టర్ వాటిని వెలివేయబోగా, ఇరేనియస్ లేఖ రాసి వారించారు. పోలికార్పు, నాటి రోమ్ బిషప్ అనికేటస్ ఇదే విషయంలో ఏకీభవించకపోయినా సమాధానంతోనే విడిపోయారని గుర్తుచేశారు. గ్రీకులో ఆయన పేరుకు శాంతిపరుడని అర్థం.

ఆయన గ్రంథం సంపూర్ణంగా లాటిన్ అనువాదంలోనే మిగిలింది. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ వద్ద ప్రాచీన కాప్టిక్ ప్రతులు లభించే వరకు, ప్రత్యర్థుల గురించి పండితులు ప్రధానంగా ఇటువంటి ఖండనలపైనే ఆధారపడవలసి వచ్చింది. 2022 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ ఆయనను సంఘ ఆచార్యునిగా ప్రకటించి, ఐక్యతా ఆచార్యుడనే బిరుదునిచ్చారు. కతోలిక సంఘం ఏటా జూన్ 28న ఆయనను స్మరించుకుంటుంది.