వేదమువారి పేరిగాడు

నెల్లూరికి తూర్పున, సముద్రమువైపు, తోటపల్లిగూడూరు మొదలగు గ్రామముల పొలముగట్లపై వినవచ్చు తెలుగు మన పుస్తకములలోని తెలుగు కాదు. అచట ‘ఉన్నాడు’ అనుమాట ‘ఉండాడు’ అగును; ‘ఎక్కడ’ అనునది ‘యాడ’ అగును. చదువుకొన్నవారు నవ్వి విడిచిన ఇట్టి పలుకుబడిని నాటకమున కెక్కించి, పెద్దలను కూర్చుండబెట్టి వినిపించినవారు సంస్కృతపండితులగు మహామహోపాధ్యాయ వేదము వేంకటరాయశాస్త్రిగారు.

వీరు 1853లో జన్మించి 1929లో కీర్తిశేషులైరి. చిరకాలము మదరాసు క్రైస్తవకళాశాలలో సంస్కృతము బోధించిరి. హర్షుని నాగానందమును 1891లో తెనిగించునపుడు వీరికొక చిక్కు ఎదురైనది. మూలమున రాజులు సంస్కృతమును, సేవకాదులు ప్రాకృతమును పలుకుదురు. తెలుగున అందఱిచేతను ఒకే లక్షణభాష పలికించినచో సేవకుడును పండితుడైపోవును! కావున అట్టివారికి శాస్త్రిగారు వాడుకమాట నిచ్చిరి. ఆక్షేపణలు రాగా, గ్రామ్యభాషాప్రయోగమును సమర్థించుచు ఒక నిబంధనమునే వ్రాసిరి.

1897లో వెలువడిన ప్రతాపరుద్రీయమున ఈ పద్ధతి పండినది. ఢిల్లీలో చెఱబడిన ఓరుగంటి రాజును పిచ్చివాని వేషమున పోయి విడిపించిన యుగంధరమంత్రి కథ యది. అయినను చూచినవారికి మఱపురానివాడు చాకలి పేరిగాడు. వాని మాటకు ఛందస్సు లేదు. రేవుబండపై గుడ్డ పడినట్టి తూగు మాత్రము కలదు. నవ్వించుటకే శాస్త్రిగారు ఆ పలుకును తెచ్చిరనుట మేమొప్పుకొనము. మనయింటి బట్టలుతుకువాని నోట ఇంత రసము కలదని నెల్లూరి భూస్వాములు రంగస్థలము నెదుట కూర్చుండి తెలిసికొనవలసివచ్చినది.

మా ఫిర్యాదు వేఱు. 1911 తరువాత గ్రాంథిక వ్యావహారిక వివాదము ముదిరినపుడు శాస్త్రిగారు గ్రాంథికపక్షముననే నిలిచిరి. గ్రామ్యము పాత్రకు తగును గాని గ్రంథకర్తకు తగదని వారి తర్కము. నాటకమున రసము పుట్టించిన మాట కథలో పుట్టింపలేదా? 1910లోనే గురజాడవారి దిద్దుబాటు దీనికి బదులు చెప్పియున్నది. అయినను శాస్త్రిగారిని తప్పుపట్టుచున్న మేమే ఈ నాలుగుమాటలు గ్రాంథికమున వ్రాయుచున్నాము; పత్రికలోనికి పోవునప్పటికి మా కలము దానంతట అదియే పైపంచె సవరించుకొనును. పేరిగానిని అంత ప్రేమతో సృజించిన శాస్త్రిగారును, వానిని రంగమునుండి దించి తమ వ్యాఖ్యలలోనికి ఒక్కనాడును రానీయలేదు.