అనిబిసెంటు: మూసిన లాబొరేటరీ, కట్టిన కాలేజీ

మా ఊరు మదనపల్లెకు దగ్గరే. చిన్నప్పుడు మా నాయన టమోటా పెట్టెలు మార్కెట్టుకు తోలుకుపోయేటప్పుడు నేనూ వెంట పోయేవాణ్ణి. ధర పలికిన రోజు నాయన హోటల్లో దోసె తినిపించేవాడు. పలకని రోజు ఏమీ మాట్లాడకుండా నడిచేవాడు. అట్లాంటి ఒక రోజున, దోవలో పెద్ద చెట్ల వెనక ఉన్న పాత కట్టడాలు చూపించి, అది బీటీ కాలేజీ అనీ, ఒక దొరసాని పెట్టిందనీ, బాగా చదువుకుంటే ఈ పెట్టెలు మోసే పని తప్పుతుందనీ చెప్పాడు. ఆ దొరసాని ఎవరో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇప్పుడు తిరుపతిలో బి.ఎస్సి. చదువుతూ, ఈ సంచికకు కాలేజీ భవనాల మీద, వసతుల మీద ఏదైనా రాయమని మిత్రులు అడిగితే ఆ మాట గుర్తుకొచ్చింది. లైబ్రరీలో కూర్చుని అనిబిసెంటు జీవితం చదివాను. హోంరూలు నాయకురాలిగా ఆమె పేరు పాఠాల్లో చదివినదే. ఆమె కూడా మనలాగే సైన్సు విద్యార్థిని అన్న సంగతి మాత్రం నాకు కొత్త.

ఆమె 1847 అక్టోబరు 1న లండన్‌లో పుట్టింది. అయిదేళ్ళకే తండ్రి పోయాడు. తల్లి హారో స్కూలు పిల్లలకు భోజనం, బస ఏర్పాటు చేసే ఇల్లు నడిపి బిడ్డల్ని సాకింది. 1867లో ఫ్రాంక్ బిసెంట్ అనే పాదిరీతో పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. మతం విషయంలో ఆమెకు కలిగిన సందేహాలు ఆ ఇంట్లో ఇమడలేదు. 1873లో భర్త నుంచి విడిపోయింది. 1877లో చార్లెస్ బ్రాడ్లాతో కలిసి సంతాన నియంత్రణ గురించిన పుస్తకం ప్రచురించినందుకు కోర్టు బోనెక్కింది. మరుసటి ఏడు కోర్టు ఆమె కూతుర్ని కూడా ఆమె దగ్గర నుంచి తీసేసింది.

అట్లాంటి కష్టంలో ఉన్న మనిషి ఏం చేసిందనుకున్నారు? చదువుకు కూర్చుంది. 1878లో లండన్ విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకు డిగ్రీల పరీక్షలు రాసే హక్కిచ్చింది. ముప్ఫై దాటిన వయసులో ఆమె సైన్సు డిగ్రీకి సిద్ధమయింది. సైన్సు బోధించడానికి కావలసిన పరీక్షలు ప్యాసై, ఓల్డ్ స్ట్రీట్‌లో హాల్ ఆఫ్ సైన్స్ అనే కట్టడంలో కూలినాలి జనానికి సాయంత్రం క్లాసులు చెప్పింది. కానీ ఆమె పేరు వింటేనే పెద్దమనుషులు తలుపులు వేసుకున్నారు. రీజెంట్స్ పార్కులోని వృక్షశాస్త్ర తోటలో మొక్కలు చూసి చదువుకోవడానికి అనుమతి అడిగితే ఇవ్వలేదు. 1883లో యూనివర్సిటీ కాలేజీ బోటనీ ప్రాక్టికల్ క్లాసులో చేర్చుకోలేదు. చివరికి ఆ డిగ్రీ ఆమెకు అందనే లేదు.

ఇది చదివినప్పుడు నాకు మా అక్క గుర్తుకొచ్చింది. ఇంటర్లో నాకంటే అక్కకే మార్కులెక్కువ. డిగ్రీలో బోటనీ సీటూ వచ్చింది. అయితే ఆ కాలేజీలో ఆడపిల్లలకు హాస్టలు లేదు. ప్రాక్టికల్సు అయ్యేసరికి మా ఊరి చివరి బస్సు వెళ్ళిపోతుంది. నాయన నెల రోజులు ఆలోచించి, వద్దులేమ్మా అన్నాడు. అక్కను రావద్దని ఎవరూ అనలేదు. ఒక్క హాస్టలు లేకపోయింది, అంతే. రెండూ ఒకటేనని నాకు ఇప్పుడు అర్థమయింది.

అనిబిసెంటు మూసిన తలుపు దగ్గర ఏడుస్తూ నిలబడలేదు. 1888లో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల సమ్మెకు అండగా నిలిచింది. ఆ ఏడే లండన్ స్కూల్ బోర్డుకు ఎన్నికై, బీద పిల్లలకు బడిలోనే భోజనం పెట్టాలని పోరాడింది. తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరి 1893లో మన దేశానికి వచ్చింది. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ ఒక అద్దె ఇంట్లో మొదలుపెట్టింది. తర్వాత కాశీ మహారాజు స్థలమూ, కట్టడమూ ఇచ్చాడు. ఆ కాలేజీయే బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి మూలం. ఆడపిల్లలకని 1904లో అక్కడ వేరే బడి కూడా పెట్టింది.

1915లో మన మదనపల్లెలో ఉన్న దివ్యజ్ఞాన సమాజం వారి హైస్కూలు, కాలేజీ అయింది. దానికి ఆమె పేరే పెట్టారు. అప్పటికి అనంతపురం ప్రభుత్వ కాలేజీ కూడా లేదు. అది వచ్చింది 1916లో. తిరుపతిలో విశ్వవిద్యాలయం రావడానికి ఇంకా ముప్ఫై తొమ్మిదేళ్ళు పట్టింది. వాన కోసం ఆకాశం చూసే ఈ సీమలో, ఒక చిన్న ఊళ్ళో కాలేజీ పెట్టడం ఎంత ధైర్యమో రైతుబిడ్డలకు నేను వేరే చెప్పనక్కరలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు అక్కడికొచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు. జనగణమన పాడి వినిపించి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దాని బాణీకి స్వరాలు రాసిపెట్టింది. అంత పెద్ద పనికి వాళ్ళకు కావలసి వచ్చిన వసతులు చాలా తక్కువే.

ఆమె చేసిందంతా ఒప్పని నేను అనను. 1916లో హోంరూల్ లీగు పెట్టి, 1917లో ఊటీలో నిర్బంధంలో ఉండి, ఆ డిసెంబరులోనే కాంగ్రెసుకు మొదటి మహిళా అధ్యక్షురాలయిన మనిషి, గాంధీజీ సహాయ నిరాకరణను వ్యతిరేకించింది. జనం ఆమెను వదిలి ముందుకు పోయారు. 1933 సెప్టెంబరు 20న అడయారులో కన్నుమూసింది. రాజకీయాల్లో ఆమె మాట వెనకబడింది గానీ, మదనపల్లెలో ఆమె పేరున్న కాలేజీలోకి మా పక్క పల్లెల పిల్లలు ఇప్పటికీ పోతున్నారు.

ఏటా ఎన్నికలొస్తే మన యూనియన్ కోరికల జాబితా రాస్తుంది. బైకుల స్టాండు, క్యాంటీను, వైఫై, క్రికెట్ సామాను. అవన్నీ కావలసినవే, కాదనను. నలుగురికి ఒక బ్యూరెట్టు ఉన్న లాబులో టైట్రేషన్ చేసినవాణ్ణి, వసతుల విలువ నాకూ తెలుసు. అయితే ఈసారి జాబితా రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగి, సీటొచ్చినా కాలేజీకి రాలేకపోయినవాళ్ళు ఎవరెవరో, ఏ వసతి లేక రాలేదో అడుగుదాం. వాళ్ళకు ఓటు లేదు, వాళ్ళ తరఫున మనమే అడగాలి. మొదటి వరుసలో ఆడపిల్లల హాస్టలు, ప్రాక్టికల్సు వదిలే వేళకు ఒక బస్సు రాయమని నా మనవి.

మా అక్క ఇప్పుడు అత్తగారింట్లో టమోటా నారు పోస్తోంది. ఏ ఆకుకు ఏ తెగులో చూడగానే చెబుతుంది. ఈ సంచిక అచ్చయి వస్తే మొదటి ప్రతి ఆమెకే ఇస్తాను.