పత్తికొండలో కన్నుమూసిన మన్రో దొర

గుత్తి నుండి పత్తికొండకు పోవు దారి మీలో అనేకులకు తెలిసినదే. ఒకచోట ఎఱ్ఱనేల, ఒకచోట నల్లరేగడి, నడుమ రాతిగుట్టలు. ఆ దారిప్రక్కనే ఎఱ్ఱగుడి గుట్ట బండలమీద అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములు నేటికిని ఉన్నవి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రములు వెదకుటకు జనులు గుంపులుగా వచ్చెదరు. వజ్రము దొరకువాడు ఏ ఒక్కడో. తక్కినవారికందరికి జొన్న, వేరుసెనగ, ఉల్లి, టమేటాలే ఆధారము. వాన రాని ఏట అవియును లేవు. ఇట్టి సీమలో శిస్తు ఎంత, దానిని ఎవరికి కట్టవలెను అనునది ఒకప్పుడు రైతుకు చావుబ్రదుకుల ప్రశ్న. ఆ ప్రశ్నను పట్టుకొని ఏడేండ్లు మన ఊళ్లలో తిరిగినవాడు సర్ థామస్ మన్రో.

ఆయన 1761లో స్కాట్లాండు దేశపు గ్లాస్గో పట్టణములో ఒక వర్తకుని ఇంట జన్మించెను. అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధము రేగగా తండ్రి వ్యాపారము చితికిపోయెను. కుమారుడు 1780 జనవరిలో కంపెనీ సైన్యపు క్యాడెట్టుగా చెన్నపట్టణములో దిగి, హైదరాలీతో జరిగిన యుద్ధములో పాల్గొనెను. అటుపిమ్మట నేటి సేలము, ధర్మపురి ప్రాంతమున కెప్టెన్ రీడ్ అను దొర క్రింద శిస్తు పని నేర్చెను.

1800లో నైజాము ప్రభువు బళ్లారి, అనంతపురము, కడప, పత్తికొండ ప్రాంతములను కంపెనీకి అప్పగించెను. కర్నూలు పట్టణము మాత్రము 1839 వరకు నవాబు క్రిందనే యుండెను. ఇచ్చివేసిన భూమి గనుక దత్తమండలమని పేరు వచ్చినది. ఆ పేరు మనవారికి రుచింపలేదు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అను పేరు పెట్టుకొనిరి.

మన్రో వచ్చునాటికి ఈ సీమలో ఎనుబదిమంది దాకా పాలెగాండ్లుండిరి. రైతు పండించినది వారి కోటలకే చేరుచుండెను. మన్రో వారిని బలముతో అణచెను. కొందరికి పింఛనులిచ్చి కూర్చుండబెట్టెను. ఆ పని మెత్తగా జరిగినదని చెప్పుటకు వీలులేదు.

అటుతరువాత ఆయన డేరాలలో కాపురముండి ఊరూరు తిరిగెను. 33 అడుగుల గొలుసుతో చేను చేను కొలిపించెను. గొలుసెడు చదరము ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరము. ఈ లెక్క నేటికిని వాడుకలో నున్నది. రైతు పేర పట్టా యిచ్చి, నడుమ జమీందారుగాని పాలెగాడుగాని లేకుండ రైతే సర్కారుకు కట్టునట్లు చేసెను. దీనికే రైతువారీ అని పేరు.

అయితే పట్టా యిచ్చినంతమాత్రమున కడుపు నిండదు. తాను వేసిన శిస్తు బరువైనదని ఆయనకు తెలిసెను. 1807లో స్వదేశమునకు వెళ్లుటకు ముందు, మెట్టభూములకు నూటికి 25, బావి క్రింది భూములకు నూటికి 33 వంతున తగ్గించవలెనని పైవారికి వ్రాసెను. వారు వినలేదు సరికదా, రైతువారీనే తీసివేసి, ఊళ్లను మొదట మూడేండ్లకు, పిమ్మట పదేండ్లకు గుత్తకిచ్చిరి. గుత్తదారులును చెడిరి, రైతులును చెడిరి. మన్రో 1820లో మదరాసు గవర్నరుగా తిరిగివచ్చిన పిమ్మట గాని ఆ తగ్గింపు రైతుకు అందలేదు. ఆయన జీవితమంతటిలో నాకు మిక్కిలి పెద్దగా కనబడునది ఇదియే: తన లెక్కను తానే దిద్దుటకు పూనుకొని, పదమూడేండ్లయినను దానిని విడువలేదు.

మన సంఘములవారు తెలిసికొనదగిన మాట ఇంకొకటి కలదు. ఆయన గవర్నరుగా నుండగా బళ్లారి జిల్లాలో ఒక సబ్‌కలెక్టరు తన ఉద్యోగపు హోదాలో మతపుస్తకములు పంచెను. అధికారబలముతో మతప్రచారము కూడదని మన్రో 1822లో గట్టిగా వ్రాసెను. మిషనరీలలో కొందరికి ఇది నచ్చకపోయి యుండవచ్చును. నాకు న్యాయముగానే తోచుచున్నది. కచేరీకి భయపడి వచ్చినవాడు గుడిలో ఎన్నాళ్లు నిలుచును?

1826లో భార్య జబ్బు బిడ్డతో స్వదేశము వెళ్లెను. తానును పోవలసినదే గాని, బదులు గవర్నరు వచ్చుట ఆలస్యమైనది. 1827 వేసవిలో దత్తమండలమును కడసారి చూడ బయలుదేరెను. ఆయన గండి కొండల నడుమ బంగారు తోరణము చూచెననియు, అది మరణసూచనయనియు కడపవారు చెప్పుదురు. దానిని కథగానే ఉంచుదము. గుత్తి దాటునప్పటికే పరివారములో కలరా ప్రవేశించినది. పత్తికొండ డేరాలో జూలై 6వ తేదీన అది ఆయనను తీసికొనిపోయెను. వయస్సు 66.

మరునాడు గుత్తికోట క్రింద పాతిపెట్టిరి. 1831లో అస్థులను చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు మార్చిరి. ఆ నగరములో గుఱ్ఱముపై నున్న ఆయన విగ్రహమునకు జీనుగాని రికాబులుగాని లేవని చూడబోయినవారందరు చెప్పుకొందురు. ఇచ్చటి రైతులు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిరి. పత్తికొండలో ఆయన మరణించిన తావున సర్కారువారు చెట్లతోపు వేయించి, బాటసారులు దిగి నీళ్లు త్రాగుటకు రాతిమెట్ల బావి కట్టించిరి.