కిలోల లెక్కకు అందని కితాబులు: మూడో సాలార్‌జంగ్ జీవితం

విశాఖపట్నం: మన వన్‌టౌన్‌లో దర్గా కొండ దిగి వస్తుంటే దారిలో ఒక పాత పేపర్ల కొట్టు ఉంది. రంజాన్ ముందు ఇళ్లు సర్దుకునే రోజుల్లో అటు వెళ్తే కాటా మీద ఒక గోనె సంచి నిండా ఉర్దూ పుస్తకాలు కనిపించాయి. ఎవరో పెద్దాయన పోయారట. ఇంట్లో ఉర్దూ చదివేవాళ్లు లేక కిలోల లెక్కన వేసేశారట. అందులో పావురాల పెంపకం మీద ఒక చిన్న పుస్తకం దొరికితే నేను తెచ్చుకున్నాను. నేను బీకాం చదివినోణ్ణి. వస్తువు ధర వేరు, విలువ వేరు అని మాకు మొదట్లోనే చెప్తారు. ఆ తేడా ఏంటో తన ఇంటినే పెట్టి చూపించిన మనిషి ఒకాయన మన తెలుగు నేల మీదే ఉన్నారు. ఆయనే మూడో సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్.

నెల నిండకుండానే తండ్రి దూరం

యూసుఫ్ అలీ ఖాన్ 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. నెల తిరక్కుండానే తండ్రి రెండో సాలార్‌జంగ్ చనిపోయారు. తాత మొదటి సాలార్‌జంగ్ ముప్పై ఏళ్లు హైదరాబాద్ దివాన్‌గా చేసిన మనిషి. అంటే ఈ పిల్లాడికి ఊయలలోనే పెద్ద పేరు, పెద్ద జాగీరు వచ్చి పడ్డాయి. చదువు నిజాం కాలేజీలో సాగింది. 1912లో, ఇరవై మూడేళ్ల వయసులో ఏడో నిజాం ఆయన్ని ప్రధానమంత్రిని చేశారు. రెండేళ్లకే, 1914లో ఆ పదవి వదిలేశారు. మళ్లీ పదవుల జోలికి పోలేదు. పెళ్లీ చేసుకోలేదు.

మరి మిగిలిన ముప్పై అయిదేళ్లు ఏం చేశారు? కొన్నారు. బొమ్మలు, గడియారాలు, దంతపు కుర్చీలు, కత్తులు, పింగాణీ. వాటన్నిటితో పాటు కితాబులు. మ్యూజియం చూడటానికి వెళ్లిన మనలో చాలామంది గంట కొట్టే గడియారం దగ్గర గుంపులో నిలబడి, ముసుగు రెబెక్కా బొమ్మ చూసి, బయటికొచ్చేస్తాం. ఆ రెబెక్కా బొమ్మ తాతగారు రోమ్‌లో కొన్నది. మనవడి మనసు ఎక్కడుందో తెలియాలంటే మాత్రం కుతుబ్‌ఖానా వైపు చూడాలి.

వింతా, అరుదూ రెండూ ఉండాలి

తాతల నాటి కితాబులు ఇంట్లో అప్పటికే ఉన్నాయి. ఈయన వాటికి ఎన్నో రెట్లు చేర్చారు. దేశదేశాల వ్యాపారులు సరుకు పట్టుకుని పాతబస్తీలోని దివాన్ దేవిడీకి వచ్చేవారు. ఆయన కూడా యూరప్, మధ్యప్రాచ్యం తిరిగి కొన్నారు.

ఆ కితాబుల్లో చేతిరాత ప్రతులే ఎనిమిది వేలకు పైగా ఉన్నాయి. తోలు మీద కూఫీ లిపిలో రాసిన తొమ్మిదో శతాబ్దపు ఖురాన్ ఉంది. అరచేతిలో ఇమిడిపోయే ఖురాన్ ఉంది. వైద్యం, నక్షత్ర శాస్త్రం, లెక్కలు, సంగీతం, కవిత్వం అన్నీ ఉన్నాయి. అన్నిట్లోకీ గొప్పగా చెప్పుకునేది యాఖూత్ అల్ ముస్తసిమీ రాసిన ఖురాన్. యాఖూత్ బాగ్దాద్‌లో చివరి అబ్బాసీ ఖలీఫా కొలువులో పనిచేసిన రాతగాడు. కలం మొనను ఏటవాలుగా కోసి రాత అందమే మార్చేసినవాడు. 1298లో చనిపోయాడు. ఆయన రాసిన ఆ ప్రతి మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబ్ ముగ్గురి రాతలూ ఉన్నాయి. బాగ్దాద్ కలం, ఢిల్లీ చేతులు దాటి మూసీ ఒడ్డుకి వచ్చి ఆగిందన్నమాట.

దాచుకోలేదు, చదివించారు

సేకరించేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. తెచ్చింది ఎవరికీ చూపించకుండా తాళం వేసుకోవడం. యూసుఫ్ అలీ ఖాన్‌కి ఆ జబ్బు లేదు. గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ కవిత్వాన్ని డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1940లో అచ్చు వేయించారు. అందుకు సాయపడ్డవి ఈ కుతుబ్‌ఖానాలోని ప్రతులే. దక్కనీ కితాబులు వరసగా అచ్చు వేసిన ఆ మాలకి నవాబు పేరు మీదే యూసుఫియా అని పేరు పెట్టారు.

ఇది మనకెందుకు ముఖ్యమంటే, కులీ కుతుబ్ షా కవిత్వంలో మన నేల ఉంది. వసంతం, వానాకాలం, పండగలు, మధ్యమధ్యలో తెలుగు మాటలు. ఆయన తండ్రి ఇబ్రహీం తెలుగు కవులను ఆదరించిన సుల్తాన్. ఉర్దూ, తెలుగు ఒకే ఇంట్లో పెరిగాయని మనం మాటల్లో చెప్పుకుంటాం. దానికి రుజువు కావాలంటే ఇలాంటి ప్రతులే చూపించాలి. అవే పోతే చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

వారసుడు లేని ఆస్తి

1949 మార్చి 2న ఆయన చనిపోయారు. భార్యాపిల్లలు లేరు. హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసి ఆరు నెలలు కూడా కాలేదు. ఆస్తికి హక్కుదారులు చాలామంది. పంచుకుని ఎవరి వాటా వాళ్లు అమ్ముకుని ఉంటే ఆ కితాబులు ఈపాటికి ఏ లండన్ వేలంపాటలోనో విడివిడిగా పోయేవి.

అలా జరగలేదు. ప్రభుత్వం ఎస్టేట్ కమిటీ వేసింది. అప్పటి పాలనాధికారి వెల్లోడి, కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్ సాయంతో వస్తువులన్నీ సర్దించారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1958లో వారసులు రాజీకి వచ్చి మొత్తం సేకరణ ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యత ఉన్న సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది.

ఇంకో ఇద్దరిని తలుచుకోవాలి. ఉర్దూ ప్రతులన్నిటినీ ఒక్కొక్కటే తెరిచి, వివరాలు రాసి జాబితా చేసినవారు నసీరుద్దీన్ హాష్మీ. ఫార్సీ ప్రతులకు ఆ పని చేసినవారు ముహమ్మద్ అష్రఫ్. జాబితా లేని కుతుబ్‌ఖానా అంటే తాళంచెవి పోయిన పెట్టె లాంటిదే. కొన్నవాడి పేరు గోడ మీద ఉంటుంది, లెక్క రాసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

దివాన్ దేవిడీ ఇవాళ చాలా వరకు లేదు, గేట్లు మిగిలాయి. జాగీర్లు పోయాయి. పదవి అయితే రెండేళ్లకే పోయింది. ఆయన కొన్న కితాబులు మాత్రం అలాగే ఉన్నాయి, చదువుకునేవాళ్లు ఇప్పటికీ వెళ్లి చదువుకుంటున్నారు.

మన ఇళ్లలో నవాబుల ఖజానా ఉండకపోవచ్చు. కానీ అటక మీద నాన్నమ్మ ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో చేత్తో రాసిన నాత్‌ల నోట్‌బుక్కో, పాత యునానీ మందుల చిట్టాయో ఉండొచ్చు. కాటా మీద పెట్టే ముందు ఒక్కసారి ఉర్దూ వచ్చిన ఎవరికైనా చూపించండి. నేను తెచ్చుకున్న పావురాల పుస్తకంలో మొదటి పేజీ మీద ఎవరిదో సంతకం, కింద ఊరి పేరు విశాఖపట్నం అని ఉర్దూలో ఉంది. ఆయన ఎవరో కనుక్కునే పనిలో ఉన్నాను.