ఉప్పునీళ్లలో నిలబడ్డ జిమ్మీ: గుండె కరెంటును పట్టుకున్న వాలర్ కథ

ఛాతీలో కాస్త మంటగా ఉందని చెబితే చాలు, డాక్టర్ ముందు రాసేది ఈసీజీ. చేతులకు, కాళ్లకు, ఛాతీకి వైర్లు తగిలిస్తారు, కాసేపట్లో కాగితం మీద గీతలు వచ్చేస్తాయి. సూది గుచ్చరు, కోత పెట్టరు, నొప్పి ఉండదు. గుండె లోపలి కరెంటును ఇలా చర్మం పైనుంచే తెలుసుకోవచ్చని మొదట చూపించిన మనిషి ఆగస్టస్ డిజైరే వాలర్. ఆ సంగతిని లోకానికి చూపడంలో ఆయనకు తోడుగా నిలిచింది ఆయన పెంపుడు బుల్‌డాగ్ జిమ్మీ.

వాలర్ 1856లో పారిస్‌లో పుట్టారు. తండ్రి ఆగస్టస్ వోల్నీ వాలర్ కూడా పేరున్న శాస్త్రవేత్తే. నరం తెగితే దాని కొస ఎలా క్షీణిస్తుందో కనిపెట్టింది ఆయనే. ఆ మార్పును వైద్య పుస్తకాలు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాయి. 1870లో తండ్రి చనిపోయేనాటికి కొడుక్కి పద్నాలుగేళ్లు. ఆ తర్వాత తల్లి అతన్ని తీసుకుని స్కాట్లాండ్ చేరారు. అబర్డీన్‌లో వైద్యం చదివిన వాలర్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో కొంతకాలం పరిశోధన నేర్చుకుని లండన్ వచ్చారు. మహిళల వైద్య కళాశాలలో పాఠాలు చెప్పే రోజుల్లో అక్కడ చదువుకుంటున్న ఆలిస్ పామర్‌తో పరిచయమైంది. 1885లో పెళ్లి చేసుకున్నారు. ఆలిస్ పెద్ద బిస్కెట్ కంపెనీ యజమాని కూతురు. తర్వాతి రోజుల్లో భర్త ప్రయోగాల్లోనూ పాలు పంచుకున్నారు.

గుండె కొట్టుకున్నప్పుడల్లా కొద్దిపాటి కరెంటు పుడుతుందన్న సంగతి అప్పటికే తెలుసు. 1842లో ఇటలీలో మత్తెయూచీ దాన్ని గమనించారు. 1856లో జర్మనీలో కోలికర్, ముల్లర్ అనే ఇద్దరు కప్ప కాలి నరాన్ని, కండరాన్ని తీసి, కొట్టుకుంటున్న గుండె మీద ఆనించారు. గుండె కదిలిన ప్రతిసారీ ఆ కాలి కండరం కూడా అదిరింది. అయితే ఇవన్నీ జంతువు ఛాతీ కోసి, గుండెను బయటపెట్టి చేసిన పనులు. బతికున్న మనిషి మీద అలా చేయలేరు కదా! అందుకని మనిషి గుండె కరెంటును చూసే దారి ఎవరికీ దొరకలేదు.

లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆస్పత్రి ప్రయోగశాలలో 1887లో వాలర్ ఆ దారి కనుక్కున్నారు. ఒంట్లో ఉన్నదంతా ఉప్పునీరే, కాబట్టి గుండెలో పుట్టిన కరెంటు చేతులు, కాళ్ల దాకా రావాలి కదా అన్నది ఆయన ఆలోచన. చేతిని, కాలిని ఉప్పునీళ్ల గిన్నెల్లో పెట్టి, వాటి నుంచి వైర్లు లాగి ఒక సన్నటి గాజు గొట్టానికి కలిపారు. గొట్టంలో పాదరసం, దాని మీద పలచటి గంధకామ్లం ఉంటాయి. కరెంటు మారినప్పుడల్లా పాదరసం అంచు పైకీ కిందికీ జరుగుతుంది. దాని మీద వెలుగు వేసి, ఆ నీడను కదిలే ఫొటో పలక మీద పడేలా చేశారు. పలక నెమ్మదిగా కదలాలి, అందుకు పిల్లలాడుకునే బొమ్మ రైలు మీద దాన్ని నిలబెట్టారు! చర్మం మీద గుండె కరెంటు వోల్టులో వెయ్యో వంతు మాత్రమే. అంత చిన్నదాన్ని బొమ్మ రైలు సాయంతో పట్టుకున్నారు.

మనుషుల్లో ఏ చేయి, ఏ కాలు కలిపినా గీత ఒకేలా రాదని కూడా వాలర్ గమనించారు. మన గుండె ఛాతీలో కాస్త ఏటవాలుగా ఉండటమే అందుకు కారణం. గుండె కుడివైపున ఉన్న ఒక మనిషిని పరీక్షిస్తే ఈ లెక్క తలకిందులైంది. నాలుగు కాళ్ల జంతువుల్లో మాత్రం ముందు కాలు, వెనుక కాలు కలిపితే గీత చక్కగా వచ్చింది.

జిమ్మీ పని అదే. ఒక ముందు కాలు, ఒక వెనుక కాలు ఉప్పునీళ్ల గాజు పాత్రల్లో పెట్టి కదలకుండా నిలబడేది. 1909లో రాయల్ సొసైటీ ఏర్పాటు చేసిన సభలో పెద్దల ముందు కూడా అలాగే నిలబడింది. అప్పట్లో లండన్‌లో జంతువుల మీద ప్రయోగాలంటే జనం మండిపడుతున్న రోజులు. ఒక గోధుమ రంగు కుక్కను కోసి పాఠం చెప్పారని ఆరోపణలు వచ్చి, దాని స్మారకంగా పెట్టిన విగ్రహం విషయంలో 1907లో వీధుల్లో కొట్లాటలు కూడా జరిగాయి. అందుకే జిమ్మీ బొమ్మ పత్రికల్లో రాగానే పార్లమెంటులో ప్రశ్న లేచింది. మెడకు మేకుల పట్టీ బిగించి, కాళ్లు గాజు పాత్రల్లో పెట్టించడం 1876 నాటి జంతుహింస చట్టం కింద నేరం కాదా అని ఒక సభ్యుడు నిలదీశారు. హోం మంత్రి హెర్బర్ట్ గ్లాడ్‌స్టన్ నవ్వు పుట్టించే జవాబిచ్చారు. నీళ్లలో వేసింది మామూలు ఉప్పేనని, సముద్రంలో కాళ్లు తడుపుకున్న వాళ్లందరికీ ఆ అనుభవం తెలుసునని చెప్పారు. కుక్కను కట్టలేదని, నోరు బిగించలేదని, ఆ మేకులు దాని తోలు పట్టీకి ఉన్న ఇత్తడి అలంకారమేనని వివరించారు. అంత బలమైన బుల్‌డాగ్‌కు నిజంగా నొప్పి కలిగి ఉంటే, ముందు ఆ బాధ దాని పక్కనున్న వాళ్లకే తెలిసొచ్చేదని ముగించారు.

వాలర్ మరో పెద్ద పని క్లోరోఫామ్ మీద. ఈ చర్చలో మన హైదరాబాద్‌కూ చోటుంది. ఆపరేషన్‌కు ముందు మత్తు కోసం ఇచ్చే ఈ మందుతో కొందరు బల్ల మీదే చనిపోయేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఇది తేల్చేందుకు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1888, 1889లో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు పనిచేశాయి. సర్జన్ ఎడ్వర్డ్ లారీ ముందుండి నడిపారు. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ కూడా వచ్చారు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, గుండెకు నేరుగా ప్రమాదం లేదని, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలని తేల్చారు. వాలర్ మాత్రం అసలు సంగతి మోతాదులో ఉందన్నారు. గాలిలో ఎంత క్లోరోఫామ్ కలిసిందో తూచే త్రాసును కూడా తయారు చేశారు. 1911లో గూడ్‌మన్ లెవీ పిల్లుల మీద పరిశోధించి, మత్తు పైపైన ఉన్నప్పుడే గుండె ఉన్నట్టుండి అదిరి ఆగిపోవచ్చని చూపించారు. హైదరాబాద్ తీర్పు అలా తప్పని తేలింది.

విచిత్రం ఏమిటంటే, తాను కనుక్కున్నది ఆస్పత్రుల్లో పెద్దగా పనికొస్తుందని వాలరే నమ్మలేదు. 1911లో కూడా అది ఎప్పుడో అరుదైన కేసుల్లో మాత్రమే అక్కరకొస్తుందన్నారు. నమ్మింది మరొకరు. జావా దీవిలోని సెమరాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో స్థిరపడిన విల్లెం ఎయింథోవెన్ 1889లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాలర్ ప్రదర్శనను కళ్లారా చూశారు. పాదరసం కదలిక నిదానం, అందువల్ల గీత మొద్దుబారి వస్తోందని గ్రహించి, సన్నటి తీగతో చురుకైన యంత్రం తయారు చేశారు. దాని బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు కావాలి. ఈసీజీ నిజంగా వైద్యుల చేతికి అందింది దానివల్లే. వాలర్ కూడా మనసు మార్చుకుని ఆ యంత్రంతోనే పనిచేశారు. 1917లో రెండు వేల ఈసీజీల పరిశీలనను ప్రచురించారు.

1922 మార్చిలో వాలర్ కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత నోబెల్ ఎయింథోవెన్‌కు దక్కింది. మనిషి గుండె కరెంటును మొదట చూపించింది వాలరేనని మాత్రం ఎయింథోవెన్ తన రాతల్లో ఒప్పుకున్నారు.

ఇప్పుడు పశువైద్యశాలలో కుక్కకు ఈసీజీ తీసేటప్పుడు దాన్ని కుడి పక్కకు పడుకోబెట్టి, కాళ్లకు క్లిప్పులు పెట్టి, జెల్ రాస్తారు. మనకూ అదే జెల్ రాస్తారు. ఆనాడు జిమ్మీ పాదాల కింద ఉప్పునీళ్లు చేసిన పనే, ఇప్పుడు ఆ జెల్ చేస్తోంది.