చీర పేర్లకు ఒక నూలుపోగు

మా అవ్వ నోట ఉత్త ‘చీర’ అన్న మాట వచ్చేది కాదు. సందుగలోంచి ఏది కావాలన్నా దాని పేరు పెట్టే అడిగేది. ‘ఆ ఉల్లిపొర రంగుది, కోటకొమ్మంచుది ఇటియ్యి బిడ్డా’ అనేది. నెమలికంఠం మేనుకు రుద్రాక్షంచు ఉన్నది ఇంకొకటి. పెండ్లినాటి కుట్టు చీర ఇంకొకటి, దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. అవ్వ పోయాక దినాలు ముగిసిన నాడు ఇంట్లో ఆడవాళ్లు సందుగ తెరిచి కూర్చున్నారు. పదకొండు చీరలున్నాయి. ‘ఆ ఎర్రది నాకు, ఈ పచ్చది నీకు’ అనుకుంటూ పంచుకున్నారు. అంచు పేరు అడిగినవాళ్లు లేరు, అడిగితే చెప్పేవాళ్లూ లేరు. మూడింటి పేర్లు నా చెవిలో ఉన్నాయి. మిగతా ఎనిమిదింటి పేర్లు అవ్వతోనే వెళ్లిపోయాయి.

ఈ నివాళి ఆ పేర్లకు.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న మా నేలను నడిగడ్డ అంటారు. ఆ నేల మీద, బోరవెల్లిలో, 1896లో సురవరం ప్రతాపరెడ్డి పుట్టారు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి వినబడినప్పుడు ఆయన వాదంతో సరిపెట్టలేదు. ఊరూరికీ కబురు పంపి పద్యాలు తెప్పించారు, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. లేరన్నవాడికి పేరుపేరునా చూపించడమే జవాబు. ఆ మనిషినే 1952లో వనపర్తి ఓటర్లు శాసనసభకు పంపారు.

పేర్లను పోనివ్వకపోవడం ఆయనకు నిలువెల్లా ఉన్న గుణం. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలను పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని వెతికారు. ఆ వెతుకులాటకు శాసనాలు చాలకపోతే కావ్యాల్లోకి దిగారు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు తిరిగారు. హంసవింశతిలో కులవృత్తుల మాటలు ఏరారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన కన్నుమూసి రెండేళ్లు.

కాకతీయుల కాలపు బట్టల కోసం ఆయన పాల్కురికి సోమనాథుడి గడప తొక్కారు. బసవపురాణంలో సోమన ఒకచోట బట్టల మూట విప్పినట్టు పేర్లు చెప్పుకుంటూ పోతాడు. పట్టులోనే మణిపట్టు, మరకతపట్టు, సంకుపట్టు. ఇంకా హంసవడి, వీణావళి, వెంజావళి. మంచుపుంజము, వాయుమేఘము, క్షీరోదకము. ఆ పుట దగ్గరికి వచ్చినప్పుడల్లా నా చదువు ఆగిపోతుంది. మంచుపుంజము ముట్టుకుంటే చల్లగా ఉండేదా, చూస్తే తెల్లగా ఉండేదా? క్షీరోదకము పాలల్లో నీళ్లు కలిసిన రంగా? హంసవడి మీద హంసలు బారు కట్టి నడిచేవా? ఒకప్పుడు ఒక ఆడమనిషి అంగడిలో నిలబడి ‘హంసవడి వద్దు, వీణావళి చూపించు’ అని ఉంటుంది. రెంటికీ తేడా ఆమె కంటికి తెలుసు. ఆ తేడాను నేసిన చేతికి తెలుసు. పద్యం పేరును మోసుకొచ్చింది, తేడాను మోసుకురాలేకపోయింది.

ఆ నాటి బట్ట ఎంత సన్నగా ఉండేదో పరదేశి ఒకడు రాసి పెట్టాడు. 13వ శతాబ్దం చివర మోటుపల్లి రేవు సీమను వర్ణిస్తూ మార్కోపోలో, ఇక్కడి బట్ట సాలెగూడులా ఉంటుందనీ, అది కట్టుకోవడానికి ముచ్చటపడని రాజూ రాణీ ఉండరనీ అన్నాడు. మన భాషలో ఆ పోలిక అప్పటికే ఉంది. గోడ మూలన గూడు అల్లే పురుగుకు సాలీడు అని పేరు పెట్టింది సాలెవాడి పని చూసినవాళ్లే.

కథల్లో బట్ట అడుగడుగునా ఉంటుంది, నేసినవాడు అరుదుగా కనబడతాడు. అడవికి బయల్దేరిన సీతమ్మకు నారచీర కట్టుకోవడం చేతకాక నిలబడిపోతే రాముడే దగ్గరికొచ్చి కట్టాడు. సభలో ద్రౌపదికి వలువలు తెగకుండా వచ్చాయి. అవి ఏ మగ్గం మీద దిగినవో కథ అడగలేదు. వీరశైవుల కథల్లో మాత్రం ఒక నేతగాడు ఎదురొస్తాడు. పడమటి పక్క కన్నడ సీమవాడు, జేడర దాసయ్య. ఎన్నాళ్లో కష్టపడి ఒక బట్ట నేసి సంతకు తీసుకుపోతాడు. ముసలి జంగమయ్య రూపంలో వచ్చిన శివుడు అడిగితే ఇచ్చేస్తాడు, ఆయన దాన్ని చింపి పోగులు పెడితే కోపగించుకోడు. అందుకు తరగని ధాన్యం, తవనిధి, అతనికి దక్కుతుంది. భక్తులు తవనిధిని తలుచుకుంటారు. నాకు ఆ చిరిగిన బట్ట గుర్తొస్తుంది. దాని అంచు ఎట్లా ఉండేదో!

నేసినవాడి సంగతి మరిచిపోనివాళ్లు సాలెవాళ్లే. పద్మశాలీల వాడలకు కూనపులివారు వచ్చేవారు. గుడ్డ మీద రంగుల్లో గీసిన పొడుగాటి పటం కొంచెం కొంచెంగా విప్పుతూ మార్కండేయ పురాణం చెప్పేవారు. పద్మశాలీల మూలపురుషుడు భావనా రుషి తామరనారతో దేవతలకు తొలి బట్ట నేసిన కథ అందులోదే. తమ పనికి తామే ఒక పురాణం నిలబెట్టుకున్నారు వాళ్లు. అటువంటి పటాలు గీసే చేతులు చేర్యాలలో ఇంకా ఉన్నాయి. పటం ముందు కూర్చుని రాత్రంతా వినే వాడలే తగ్గిపోయాయి.

అల్లిక పనికి ఈ గతి మన దగ్గరే పట్టలేదు. ఇంగ్లీషు రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్ రాసిన క్రాన్‌ఫర్డ్ నవల 1853లో పుస్తకంగా వచ్చింది. అందులో ఒకావిడ పాత లేసు ముక్కను శుభ్రం చేయడానికి పాలల్లో నానబెడితే, పిల్లి ఆ పాలతోపాటు లేసునూ మింగేస్తుంది. ఆవిడ పట్టు వదలక పిల్లికి మందు పోసి కక్కించి, ఉతికి, ఆరేసి, మళ్లీ మెడకు పెట్టుకుంటుంది. ఆ తంటాలు చదివి అందరూ నవ్వుతారు. దాని వెనుక ఉన్న కారణం తలుచుకుంటే నాకు నవ్వు రాదు. అది పరదేశపు సన్యాసినులు చేత్తో అల్లిన లేసు, అటువంటిది ఇక అక్కడ కూడా అల్లరు. ఇంకొకటి దొరకదని తెలిసిన మనిషి పడే ఆరాటం అది.

మన నరసాపురం లేసు సంగతి చూడండి. ఆ లేసు అల్లే ఆడవాళ్ల మీద పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్లు పొద్దంతా అల్లినా ఎవరూ దాన్ని పని అనలేదు, ఇంటిపట్టున ఉండే ఇల్లాళ్లు పొద్దుపోక చేసుకునేదిగా చూశారు అన్నది అందులో ఆమె చెప్పిన ముఖ్యమైన మాట. 2024లో ఆ లేసుకైతే భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ పనికి పేరు లేకపోతే చేసిన మనిషికీ పేరుండదు. ఆ పుస్తకం చదివాక చీర పేర్ల మీద నా బెంగ వట్టి మాటల మీది మమకారం కాదని నాకు తెలిసింది.

ఇక మా గద్వాల. సోమన చెప్పినవాటికి పేర్లున్నాయి, బట్టలు లేవు. మాకు బట్ట ఉంది, పేర్లు పోతున్నాయి.

గద్వాల చీరకు మేను నూలు, అంచూ కొంగూ పట్టు. గుణం వేరైన రెండు పోగులు ఒకే చీరలో ఇమడాలి. అందుకని మగ్గం మీద మూడు నాడెలు ఆడతాయి, రెండు అంచులకు రెండు, మేనుకు ఒకటి. నాడె కదిలిన ప్రతిసారీ అంచు పేకనూ మేను పేకనూ వేలితో మెలివేసి బిగించాలి. సూది ఉండదు, వేరే దారం ఉండదు. అయినా దాని పేరు కుట్టు. చీరాల వైపు ఇదే తీరు నేతను కుప్పడం అంటారు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి పక్కన ఇంకొకరు, భార్యో బిడ్డో, చెయ్యి కలిపితేనే ఆ పని ముందుకు సాగుతుంది. పూర్తయిన చీరను తిరగేసి చూడండి. నూలు ఎక్కడ ఆగిందో పట్టు ఎక్కడ మొదలైందో వేలికి తగులుతుంది, కంటికి మాత్రం ఒకే బట్ట.

అంచు మీద మొనదేలిన కోట బురుజుల వరసే కోటకొమ్మ. గద్వాల కోట గోడలు చాలాచోట్ల ఒరిగిపోయాయి. అంచు మీద కొమ్మలు నిలబడే ఉన్నాయి. సంస్థానంవాళ్లు నేతగాండ్లను కాశీకి పంపి జరీ పని నేర్పించి తెచ్చారని మా పెద్దలు చెప్పుకుంటారు. అగ్గిపెట్టెలో పట్టే చీర గురించీ చెప్పుకుంటారు. విద్వద్గద్వాల అని ఆ సంస్థానానికి పేరు. తిరుపతి వేంకట కవుల వంటి అవధానులు వచ్చి పద్యం చెప్పి సత్కారాలు అందుకున్న గడప అది. పద్యానికీ బట్టకూ ఒకే నీడన మన్నన దొరికిన ఊరు.

ఇప్పుడు దుకాణంలో అద్దాల అల్మారా మీద ఒకటే చీటీ: గద్వాల. కుట్టు ఉన్నదీ గద్వాలే, కుట్టు లేనిదీ గద్వాలే, మరమగ్గం మీద దిగిన నకలూ గద్వాలే. కొన్ని రకాల బట్టలను చేమగ్గానికే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపూ వచ్చింది. ఊరి పేరుకు కాపలా దొరికింది. ఆ పేరు లోపల ఉన్న పేర్లకు దొరకలేదు. కుట్టుకూ కుట్టు లేనిదానికీ కొనేవాళ్లు తేడా అడగనప్పుడు, పోగుపోగుకూ వేలు అరగదీసుకునే ఇంటికి కూలి ఎట్లా గిడుతుంది? పేరు పోతే ముందు ధర పోతుంది, ఆ వెనకే చెయ్యి పోతుంది.

తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి నేతగాండ్ల ఊరు. 2009 అక్టోబరులో ఏరు పొంగి ఊరిని ముంచితే మగ్గం గుంటల్లోకి నీళ్లు దిగాయి. వరద ఒక్కసారే వచ్చి పోయింది. పేర్లు పోవడం అట్లా కాదు. దానికి తేదీ ఉండదు, సాయానికి ఎవరూ రారు. వనపర్తి వైపు కొత్తకోటలో, అమరచింతలో కూడా మగ్గం చప్పుడు ఉన్నా, మగ్గం మాటలు తెలిసినవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. తెల్లవారక ముందే వీధి పొడవునా పడుగు సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వే పని చూసిన పిల్లలు ఇప్పుడు ఎందరు?

పని పోయినా మాట కొన్నాళ్లు బతుకుతుంది. పొయ్యికీ వాకిలికీ మధ్య పరుగులు పెట్టే ఇల్లాలిని ఆసులో గొట్టంలా తిరుగుతోందని ఇప్పటికీ అంటాం. విడదీయలేనివాటిని పడుగూ పేకా అంటాం. ఆసు చూడని నోటికి ఆ మాట ఎన్నాళ్లు నిలుస్తుంది? నాగర్‌కర్నూలులో ఉండి ఈ ప్రాంతపు గుళ్ల చరిత్రలూ ఊళ్ల కథలూ పోగు చేసిన కపిలవాయి లింగమూర్తి, ఆడవాళ్లు మెడలో కట్టుకునే మంగళసూత్రం మీద మాంగళ్య శాస్త్రం అని ఒక పుస్తకమే రాశారు. 2018లో ఆయనా వెళ్లిపోయారు. కుట్టు మీద, అంచుల మీద, రంగుల మీద అటువంటి పుస్తకం ఒకటి ఈ ప్రాంతం నుంచే రావాలని నా కోరిక.

ఒక్కచోట మాత్రం పేరు చెక్కు చెదరలేదు. తిరుమల బ్రహ్మోత్సవాల కోసం గద్వాల నుంచి ఏటా పంచెల జత వెళుతుంది. వాటిని ఏరువాడ జోడు పంచెలు అంటారు. నేసేవాళ్లు 41 రోజులు దీక్షలో ఉంటారు. ఆ పంచెల అంచు మీద కూడా కోటకొమ్మలే. వాటిని మొదట పంపిన సంస్థానం లేదు, పంచెలు మాత్రం వెళుతూనే ఉన్నాయి. ఈ ఒక్క పేరు ఎట్లా మిగిలిందా అని చాలాసార్లు ఆలోచించాను. కొండ మీద అడిగేవాడు ఒకడున్నాడు. ఏడాదికొకసారి ఆ పేరు పెట్టే అడుగుతాడు. అందుకని నేసేవాళ్లకు ఆ పేరుతో పని ఉంది. మా అవ్వ చేసిందీ అదే. అడిగేవాళ్లు పేరుతో అడిగినన్నాళ్లూ నేసేవాళ్ల దగ్గర ఆ పేరు ఉంటుంది.

నెలవంక కనబడిన సాయంత్రం, కట్టుకున్న బట్టలోంచి ఒక పోగు లాగి చంద్రుడికి వేసి, కొత్త బట్ట ఇమ్మని మొక్కడం మన పాత అలవాటు. చంద్రుడికో నూలుపోగు అన్న మాట అందులోంచే వచ్చింది. ఈ నాలుగు మాటలూ నేను లాగిన పోగు. కొత్త బట్ట అడగను. పేరు లేకుండా మిగిలిన ఆ ఎనిమిది చీరలను బంధువుల ఇండ్ల నుంచి ఒక్కపూటకు అడిగి తెచ్చి, మూట కట్టుకుని గద్వాల సాలెవాడకు పోవాలని ఉంది. గడపలో కూర్చుని కండెలు చుట్టే ఏ ముసలవ్వ ముందో వాటిని పరిచి, ఒక్కొక్కటే చూపించి ‘ఇదేం అంచు అవ్వా?’ అని అడుగుతాను. ఆమె చీర మడత విప్పి, వేలితో తడిమి, ఎనిమిదింటిలో ఒక్కదానికి పేరు చెప్పినా చాలు.